పేతురుకు కూడా చెప్పండి



మన ప్రభువు ఉత్థానుడయ్యాడు. అల్లెలూయ!

తపాలా బిళ్లలు సేకరించేవారిని మీరు చూసి ఉంటారు. పాత నాణేలు కూడబెట్టేవారినీ చూసి ఉంటారు. ఐరోపా, అమెరికా దేశాల్లో పాత పోస్టుకార్డులను సేకరించేవారు కూడా ఎందరో ఉన్నారు. ఈ అభిరుచికి 1940లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన రాండల్ రోడ్స్ అనే ఆచార్యుడు ‘డెల్టియాలజీ’ అని పేరు పెట్టాడు. చిన్న వ్రాతపలక అనే అర్థమున్న గ్రీకు మాటనుండి ఆ పేరు వచ్చింది. ఈ సేకర్తలలో కొందరు ప్రత్యేకించి పాస్కా పండుగ కార్డులనే వెదకి వెదకి కొంటారు. నూరేళ్లు దాటిన ఆ అట్టముక్కల్లో ఏముంది? వాటినుండి మన కుటుంబాలు నేర్చుకోదగినది ఏమైనా ఉందా? ఉంది. ఈ వారం దానినే ధ్యానిద్దాం.

బొమ్మవైపు

లోకంలో మొట్టమొదటి పోస్టుకార్డును 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగేరీ ప్రభుత్వం విడుదల చేసింది. పదేళ్లకు, అంటే 1879 జూలైలో, పావు అణా వెలతో అది మన దేశానికీ వచ్చింది. మన తాతలు ‘కార్డుముక్క’ అన్నది దానినే. కొంతకాలానికి కార్డుమీద బొమ్మలు వచ్చాయి, పండుగలు వచ్చాయి. క్రిస్మసుకు, పాస్కాకు రంగురంగుల కార్డులు అచ్చయ్యాయి. ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున అద్దే రాతి అచ్చు పద్ధతిలో జర్మనీ దేశపు ముద్రణాలయాలు ఆరితేరాయి. అమెరికాలో అమ్ముడైన మంచి కార్డులు చాలావరకు అక్కడ ముద్రించినవే. 1908 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో అమెరికా తపాలా శాఖ 67 కోట్లకు పైగా పోస్టుకార్డులను చేరవేసింది. అప్పటికి ఆ దేశ జనాభా 9 కోట్లు కూడా లేదు!

ఆ పాస్కా కార్డులమీద ఏ బొమ్మలు ఉండేవి? తెల్లని లిల్లీపూలు, పూలు చుట్టుకున్న సిలువ, గొర్రెపిల్ల, రంగు వేసిన గుడ్లు, గుడ్డు పగులగొట్టుకుని బయటికి వచ్చే కోడిపిల్ల. మూసిన సమాధినుండి జీవం వెలువడిందని ఆ కోడిపిల్ల పసిబిడ్డలకు సైతం బోధపరచేది. ఫ్రాన్సు కార్డులమీద గుడిగంటలు ఆకాశంలో ఎగురుతూ కనిపిస్తాయి. పవిత్ర గురువారంనాడు మూగబోయిన గంటలు రోమాపురికి వెళ్లి, పాస్కాకు తిరిగివస్తాయని అక్కడి తల్లులు పిల్లలకు చెబుతారు. పోలండు కతోలికులు తమ కార్డులమీద ‘సంతోషమయమైన అల్లెలూయ’ అని అచ్చువేయించుకున్నారు. రష్యాలో 1898 పాస్కాకు పునీత యూజీనియా పేరిట ఉన్న రెడ్‌క్రాస్ నర్సుల సంఘం, నికొలాయ్ కరాజిన్ అనే చిత్రకారుడు గీసిన నాలుగు కార్డులను అచ్చువేయించి తన సేవాకార్యాలకోసం అమ్మింది.

వ్రాతవైపు

ఇదంతా బొమ్మవైపు సంగతి. ఇప్పుడు కార్డును తిప్పి చూద్దాం.

మొదట్లో చిరునామా ఉన్నవైపు మరొక్క అక్షరం వ్రాయడానికి కూడా చాలా దేశాల తపాలా నిబంధనలు ఒప్పుకోలేదు. చెప్పదలచిన మాటను బొమ్మ అంచునో, లిల్లీపూల సందునో ఇరికించి వ్రాయవలసి వచ్చేది. బ్రిటనులో 1902లో, అమెరికాలో 1907 మార్చి 1న ఆ నిబంధన సడలింది. నడుమ ఒక గీత గీసి, ఒక సగం చిరునామాకు, మరొక సగం కబురుకు ఇచ్చారు. ఆ సగం అట్టముక్కలోనే మనుషులు తమ ప్రేమనంతా కుదించి వ్రాశారు. చోటు చాలకపోతే అంచుల వెంట, కార్డును తలకిందులు చేసి మరీ వ్రాశారు.

ఏమి వ్రాశారు? వేదాంతమా? కాదు. వానలు పడుతున్నాయని, దగ్గు తగ్గిందని, శనివారం రైలుకు వస్తున్నామని, నా ఉత్తరం అందిందా అని, ఇన్నాళ్లుగా జవాబు ఎందుకు వ్రాయలేదని. మన పెద్దలు ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టి, ‘ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అని వ్రాసిన మాటలవంటివే అవి. 1914లో మొదలైన మహాయుద్ధంలో యుద్ధభూమినుండి సైనికులు ఇంటికి పంపిన కార్డులు కూడా నేటి సేకరణల్లో ఉన్నాయి. ఫ్రాన్సు స్త్రీలు పట్టుదారంతో పూలు, పాస్కా శుభాకాంక్షలు కుట్టిన కార్డులు అవి. పూలు, దీవెన కొన్నవే. కాని వెనుకవైపు ఉన్న ‘నేను బాగున్నాను, అమ్మా’ అన్న ఒక్క ముక్కకోసమే ఆ తల్లి గుమ్మంలో ఎదురుచూసి ఉంటుంది.

బొమ్మవైపు అచ్చయిన శుభాకాంక్ష లక్షల కార్డులమీద ఒకే తీరుగా ఉంది. అది అందరిదీ. వెనుకవైపు చేతివ్రాత మాత్రం ఒక్కరిది, ఒక్కరికోసం. మరొక సంగతి కూడా గమనించండి. ఆ కార్డు నూరేళ్ల తరువాత సేకర్త చేతికి ఎలా వచ్చింది? అందుకున్నవారు చింపి పారవేయలేదు గనుక వచ్చింది. పెట్టెలోనో, ప్రార్థన పుస్తకంలోనో ఎవరో భద్రంగా దాచుకున్నారు గనుక వచ్చింది.

దేవదూత ఇచ్చిన కబురు

ప్రియులారా, పాస్కా పండుగ మొదలైనదే ఒక కబురుతో. మార్కు సువిశేషం 16వ అధ్యాయాన్ని ఇంట్లో తెరచి నెమ్మదిగా చదవండి. ఆదివారం వేకువన స్త్రీలు సుగంధ ద్రవ్యాలు తీసుకుని సమాధివద్దకు వెళ్లారు. రాయి తొలగి ఉంది. తెల్లని వస్త్రం ధరించి లోపల కూర్చున్నవాడు వారికి శుభవార్త చెప్పాడు, ఆపైన ఒక పని ఒప్పగించాడు. యేసు ముందుగా గలిలయకు వెళుతున్నాడని శిష్యులకు తెలియజేయాలి. అక్కడితో ఆ కబురు పూర్తయినట్టే. అయినా ఏడవ వచనంలో అతడు ఒక పేరును ప్రత్యేకంగా చేర్చాడు. ఆ పేరు పేతురు.

పేతురు శిష్యుడు కాడా? శిష్యులకు చెప్పమంటే అతనికి చెప్పమన్నట్టు కాదా? మరి విడిగా పేరు ఎందుకు?

ఆ మూడు రోజులు పేతురు స్థితి ఎలా ఉండి ఉంటుందో తలచుకోండి. ప్రధానార్చకుని వాకిట్లో చలిమంట దగ్గర, ఒక పనిపిల్ల అడిగినదానికి జడిసి, తన గురువును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. కోడి కూసింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇప్పుడు ‘శిష్యులందరికీ శుభవార్త’ అని ఎవరైనా వచ్చి చెబితే అతడు ఏమనుకుంటాడు? ‘ఆ మాట తక్కిన పదిమందికి. నేను ఇంకా శిష్యుడినేనా?’ అనుకోడా? అందరికీ పంపిన శుభాకాంక్ష తప్పు చేసినవాని గుండెకు అందదు. ఆ సంగతి ఎరిగిన ప్రభువు అందరి కబురులోనే అతని పేరునూ చెప్పించాడు. అచ్చు వేసిన కార్డుమీద చేతితో వ్రాసిన మాట అదే!

ఇంకొకటి చూడండి. ఆ కబురులో కోడికూత ప్రస్తావన లేదు. ‘నీవు చేసిన పనికి సిగ్గుపడు’ అన్న మాట లేదు. పేరు ఉంది, ఎదురుచూసే చోటు ఉంది, అంతే. తప్పును సరిదిద్దే పని లేకపోలేదు. అది తరువాత తిబేరియ సరస్సు ఒడ్డున జరిగింది. అక్కడ కూడా ప్రభువు ముందుగా చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ఆ పిమ్మటనే తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు (యోహాను 21).

మగ్దల మరియమ్మ సంగతీ అంతే. తోటమాలి అనుకున్న వ్యక్తి తనను పేరుపెట్టి పిలిచేదాకా ఆమె ప్రభువును గుర్తించలేదు. పేరు వినగానే గుర్తించింది, ఆయన సోదరులకు కబురు మోసింది. అపోస్తలులకే శుభవార్త అందించిన ఆమె స్మరణదినమైన జూలై 22ను, 2016లో పోపు ఫ్రాన్సిస్ గారు పండుగ స్థాయికి పెంచారు. కొరింతీయులకు రెండవ లేఖ 3వ అధ్యాయంలో పునీత పౌలుగారు విశ్వాసులనే క్రీస్తు వ్రాసిన లేఖగా భావించారు. సిరాతో కాక, సజీవ దేవుని ఆత్మతో హృదయాలమీద వ్రాసిన లేఖ అది. లేఖ అన్నాక ఎవరో ఒకరికి చేరాలి కదా!

మీ పేతురు ఎవరు?

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. పాస్కా ఉదయాన పూజనుండి ఇంటికి రాకముందే మన సెల్‌ఫోన్లు వాట్సాప్ బొమ్మలతో నిండిపోతాయి. సమాధి, సూర్యోదయం, లిల్లీపూలు. మనమూ ఒక్క నొక్కుతో వందమందికి పంపుతాం. తప్పులేదు, శుభాకాంక్ష ఎప్పుడూ మంచిదే. కాని అది బొమ్మవైపు మాత్రమే. ఆ వందమందిలో పేరుపెట్టి పలకరించవలసిన ఒక్కరు ఉన్నారు. లేదా, ఆ వందమందిలో చేర్చకుండా మీరు వదిలివేసిన ఒక్కరు ఉన్నారు.

గట్టు తగాదాతో ఏళ్లతరబడి మాటలు లేని అన్నదమ్ములు మన విచారణల్లో లేరా? మన మాట కాదని పెళ్లి చేసుకుందని గుమ్మం తొక్కనివ్వని కూతురు లేదా? అప్పు తీర్చలేక మొహం చాటేసిన బావమరిది, ఎవరో అన్న ఒక్క మాటకు నొచ్చుకుని గుడికి రావడం మానివేసిన పొరుగింటి పెద్దాయన, పట్నంలో కొడుకు ఫోనుకోసం చూసీ చూసీ నిద్రపోయే ముసలితల్లి లేరా? వీరంతా దివ్యబలిపూజలో ‘సోదరులారా’ అన్న పిలుపు విన్నా, అది తమకు కాదనుకునే పేతురులే.

మన పోస్టాఫీసుల్లో కార్డు నేటికీ దొరుకుతుంది. ఒకటి కొనండి. మీ చేతితో వారి పేరు వ్రాయండి. పాత లెక్కలు తీయవద్దు. ఎవరిది తప్పో తేల్చవద్దు. దేవదూత తేల్చలేదు కదా! ‘తమ్ముడూ, పాస్కా పండుగకు నీవు గుర్తుకు వచ్చావు. పిల్లలు ఎలా ఉన్నారు? ఒకసారి ఇంటికి రా’ అంటే చాలు. సగం అట్టముక్కలో సరిపోతుంది. ‘వాడు చింపేస్తే?’ అంటారా? చింపవచ్చు. అది మీ చేతిలో లేదు. వ్రాసి డబ్బాలో వేయడం మాత్రం మీ చేతిలో ఉంది. దాచుకునేవారు కూడా ఉంటారని ఆ నూరేళ్లనాటి కార్డులే సాక్ష్యం చెబుతున్నాయి. మనసులోనే వ్రాసుకుని పంపకుండా ఉంచుకున్న మాట మాత్రం ఏ సేకరణలోనూ దొరకదు. మీతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

బలిపీఠంవద్ద కానుక పెట్టబోతూ సోదరుని మనస్తాపం గుర్తుకు వస్తే, కానుకను అక్కడే ఉంచి ముందు అతనితో సమాధానపడమని ప్రభువు ఆజ్ఞాపించాడు (మత్తయి 5). పండుగ దాటిపోయిందని జంకవద్దు. పాస్కాకాలం 50 రోజులు, పెంతెకోస్తు వరకు ఉంది. దివ్యకారుణ్య ఆదివారం కూడా ఈ కాలంలోనిదే. ఆలస్యంగా అందినా పాస్కా కబురు పాస్కా కబురే. పేతురుకు మాత్రం అది వెంటనే అందిందా? మూడు రోజుల కన్నీళ్ల తరువాతనే కదా!

ప్రార్థిద్దాం: ఉత్థానుడవైన ప్రభువా, నిన్ను ఎరుగనన్నవానిని పేరుపెట్టి తలచుకున్నావు. మేము మరచిన పేరును, మరచిపోవాలనుకున్న పేరును ఈ పాస్కాకాలంలో మాకు గుర్తుచేయుము. ఆ పేరు వ్రాయడానికి మా చేతికి ధైర్యమిమ్ము. ఆమెన్.