ఎత్తుకునే చేతులకు హద్దు ఎక్కడ?

పోయిన వీడియోలో శరణాగతి గురించి మాట్లాడుకుంటూ రెండు న్యాయాలు చెప్పుకున్నాం, గుర్తుందా? కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకుని ఉంటుంది. పట్టు వదిలితే కింద పడిపోతుంది. అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన అలా కాదు, అది ఏమీ చెయ్యదు. తల్లే వచ్చి మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకెళ్తుంది. అది మార్జాల కిశోర న్యాయం. శ్రీవైష్ణవ సంప్రదాయంలో వడగలై వారు మొదటి పోలికతో, తెంగలై వారు రెండో పోలికతో భగవంతుడి కృపను వివరిస్తారు.

అది జీవుడికీ దేవుడికీ మధ్య మాట. ఈ రోజు ఆ పోలికనే ఒకటో తరగతి పిల్ల దగ్గరికి తీసుకొస్తాను. ఎందుకంటే మా ఇంట్లో ఇప్పుడు అదే ప్రశ్న నడుస్తోంది.

మా మేనకోడలికి ఆరేళ్లు. హైదరాబాద్‌లో అక్కావాళ్ల ఇంటి దగ్గర ఒక కేథలిక్ స్కూల్లో సీటు వచ్చింది. శనివారం లోపు ఫీజు కట్టాలి. బావకి ఇష్టమే, "సిస్టర్లు పిల్లల్ని బాగా చూసుకుంటారు" అంటాడు. అమ్మకి భయం, "బొట్టు పెట్టుకోనిస్తారో లేదో, రోజూ ఏ ప్రార్థన చేయిస్తారో" అంటుంది. మధ్యలో అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు కాన్వెంట్‌లోనే చదివావు కదా. నువ్వు చెప్పు, చేర్పించమంటావా?"

రేపు చెప్తానన్నాను. ఎందుకంటే ఆ స్కూలు అనగానే నాకు రెండు విషయాలు గుర్తొస్తాయి. రెండూ ఒకే మనిషి చేసినవి.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకి ఒంట్లో బాగాలేక ఆరు వారాలు గుంటూరులో ఆసుపత్రిలో ఉంది. నాన్న ఆఫీసుకీ ఆసుపత్రికీ తిరిగేవారు. పక్కింటి అత్తయ్య నాకు క్యారేజీ కట్టి పంపేది. నాకు తినబుద్ధయ్యేది కాదు. మధ్యాహ్నం కుళాయి దగ్గరికెళ్లి అన్నం పారబోసి, డబ్బా కడిగేసుకుని క్లాసుకి వెళ్లిపోయేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్ల వాడికి ఏం చెప్పాలో కూడా తెలీదు కదండీ.

లంచ్ టైములో వరండాలో తిరిగే ఒక సిస్టర్ నన్ను చూశారు. తిట్టలేదు, ఎందుకు పారేస్తున్నావని కూడా అడగలేదు. మెట్టు మీద నా పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగారు. అంతే, ఏడ్చేశాను. మర్నాటి నుంచి స్టాఫ్ రూమ్ బయట ఆవిడ పక్కనే కూర్చుని తినేవాణ్ణి. నాన్నని పిలిపించి మాట్లాడారు. హోంవర్క్ చెయ్యకపోయినా కొన్నాళ్లు ఏమీ అనొద్దని క్లాస్ టీచర్‌కి చెప్పారు. అమ్మ ఇంటికొచ్చేదాకా ఇది నడిచింది. నా జీవితంలో పిల్లికూనలా ఎవరైనా నన్ను ఎత్తుకున్నారంటే, అది ఆవిడే.

ఇక రెండోది. ఒక సాయంత్రం ఆవిడ నన్ను చాపెల్‌లోకి తీసుకెళ్లారు. మేరీమాత విగ్రహం ముందు మోకరిల్లి అమ్మ కోసం అడగమన్నారు. అడిగాను. అక్కడ ప్రశాంతంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు? కానీ ఆ రాత్రి ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం ముందు నిలబడాలంటే వణుకు పుట్టింది. స్వామికి కోపం వచ్చి అమ్మకి ఏమైనా చేస్తాడేమో అనుకున్నాను. నాన్నకి చెప్తే కొడతారనుకున్నాను. అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది, కానీ ఆ భయం మాత్రం చాలా ఏళ్లు నాతోనే ఉంది.

అంటే ఒకే మనిషి, ఒకే ప్రేమతో నా మీద నుంచి ఒక బరువు దించి ఇంకో బరువు పెట్టారు. మరి ఆవిడ చేసింది మంచా, చెడా?

ముందు వాళ్ల వైపు నుంచి చూద్దాం. కేథలిక్ స్కూళ్లలో దీన్ని పాస్టరల్ కేర్ అంటారు. పాస్టర్ అనేది లాటిన్ మాట, అర్థం గొర్రెల కాపరి. ఏ గొర్రె కుంటుతోందో, ఏది మంద నుంచి వెనకబడిందో చూసుకునేవాడు. మనకి ఇది కొత్త విషయం కాదు. గోపాలుడు అని పిలుచుకుంటున్నామంటే మనం కూడా దేవుణ్ణి కాపరిగానే చూస్తున్నాం కదా. చదువు చెప్పడం ఒక పని, పిల్లని కనిపెట్టుకుని ఉండడం ఇంకో పని. రెండోది లేకుండా మొదటిది సాగదన్నది వాళ్ల నమ్మకం.

ఇటలీలోని ట్యూరిన్ నగరంలో డాన్ బోస్కో అనే ఫాదర్ ఉండేవారు. 1815లో పుట్టి 1888లో పోయారు. వీధిన పడ్డ మగపిల్లల్ని చేరదీసి చదువు, పని నేర్పించారు. తన పద్ధతిని 1877లో రాసి పెట్టారు. తప్పు జరిగాక శిక్షించడం ఒక దారి, తప్పు జరగకముందే పిల్లల మధ్య ఉంటూ కాపాడుకోవడం ఇంకో దారి, నాది రెండోది అన్నారు. దానికి మూడు ఆధారాలు చెప్పారు: వివేకం, మతం, వాత్సల్యం. 1884లో రోమ్ నుంచి రాసిన ఒక ఉత్తరంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పిల్లల్ని మనం ప్రేమిస్తే సరిపోదు, తమని ప్రేమిస్తున్నారని వాళ్లకి తెలియాలి అన్నది దాని సారం.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. మా దగ్గర సమస్య బయటపడే దారులు రెండు. యూజర్ టికెట్ రైజ్ చేస్తే తెలియడం ఒకటి. మేమే మానిటరింగ్ పెట్టుకుని, యూజర్‌కి తెలిసేలోపే పట్టుకోవడం రెండోది. మొదటిది కోతిపిల్ల పద్ధతి, రెండోది పిల్లికూన పద్ధతి. పెద్దవాళ్లకి మొదటిది నడుస్తుంది. "ఏ సమస్య ఉన్నా కౌన్సెలర్‌ని కలవండి" అని కాలేజీ గోడ మీద రాసిపెట్టొచ్చు. అయినా మన రెండు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. పదహారేళ్ల వాళ్లకే నోరు పెగలనప్పుడు ఆరేళ్ల పిల్ల టికెట్ ఎలా రైజ్ చేస్తుంది? దాని టికెట్ అన్నం పారబోయడం, గోళ్లు కొరుక్కోవడం, ఉన్నట్టుండి మాటలు తగ్గిపోవడం. ఎవరో ఒకరు చూడాలి. కాబట్టి ప్రైమరీ స్కూలుకి మార్జాల న్యాయమే సరైనది, ఇందులో నాకు అనుమానం లేదు.

కానీ ఈ న్యాయంలో రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది, పిల్లి తన కూనని పట్టే నోటితోనే ఎలుకనీ పడుతుంది. ఐర్లండ్‌లో మత సంఘాలు నడిపిన పిల్లల సంస్థల్లో దశాబ్దాల పాటు ఏం జరిగిందో అక్కడి విచారణ కమిషన్ 2009లో నివేదిక ఇచ్చింది. కొట్టడాలు, లైంగిక హింస, ఆ పైన మౌనం. కాపరి వేషం వేసుకున్న ప్రతివాడూ కాపరి కాదు. ఇది చదివి "చూశారా, వాళ్లు ఇంతే" అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. పిల్లలు పెద్దల చేతిలో ఉండే ప్రతి చోటా, ఏ మతం వాళ్లు నడిపినా, ఈ ప్రమాదం ఉంటుంది.

రెండోది, ఎత్తుకున్నవాళ్లు ఎటు తీసుకెళ్తే కూన అటు పోతుంది. నా చాపెల్ కథ ఇదే. తల్లిపిల్లి అయితే కూనని చివరికి తన గూటికే చేరుస్తుంది. సిస్టర్ తల్లి కాదు, నా గూడు వేరే ఉంది. నిప్పుల్లోంచి తీయడం ఆవిడ ధర్మం. తీసిన తర్వాత మా ఇంటి గడప దగ్గర దించాలి, తన గుడి గడప దగ్గర కాదు. మన రాజ్యాంగం 28వ అధికరణం చెప్పేదీ ఇదే. ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలో, మైనరు పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలోనో ఆరాధనలోనో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. 2024లో కేథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా, ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దని తమ స్కూళ్లకి మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక్కడ ఆవిడ తరఫున ఒక మాట చెప్పాలి. తన దగ్గరున్న అన్నిటికంటే గొప్పది ప్రార్థన అని ఆవిడ నమ్మకం. ఏడుస్తున్న పిల్లాడికి అది ఇవ్వకుండా దాచుకుంటే అది ప్రేమా అని ఆవిడ అడిగితే నేనేం చెప్పగలను? మా నాయనమ్మే ఉంటే, ఇంటికొచ్చిన క్రైస్తవ పిల్లకి జ్వరం వస్తే ఎవర్నీ అడక్కుండా విబూది పెట్టేసేది. దాన్ని మనం ముద్దుగా ప్రేమ అంటాం. చాపెల్‌లో జరిగింది తప్పయితే నాయనమ్మ చేసేదీ తప్పే. న్యాయం రెండు వైపులా ఒకటే ఉండాలి కదండీ.

చాలా ఆలోచించాక నాకు ఒకే ఒక్క పరీక్ష దొరికింది: సాయంత్రం ఇంటికొచ్చి పిల్ల ఆ సంగతి హాయిగా చెప్పుకోగలదా? సిస్టర్ తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించారు. ఆ రోజే నాన్నకి చెప్పేశాను. చాపెల్ సంగతి చెప్పలేకపోయాను. హద్దు అక్కడుంది. పైన చెప్పిన మొదటి ప్రమాదానికీ ఇదే పరీక్ష, ఎందుకంటే పిల్లలకి హాని చేసేవాడు ముందు నేర్పేది "ఇంట్లో చెప్పకు" అనే. ఇంట్లోనే హాని జరుగుతున్న పిల్ల సంగతి వేరు. అప్పుడు స్కూలు తల్లిదండ్రులతో ఆగకూడదు, 1098కి ఫోన్ చెయ్యాలి. లైంగిక హింస అయితే పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టమే అంటోంది.

ఈ పరీక్షలో సగం మార్కులు ఇంటివి. సిస్టర్ నన్ను దాచమని చెప్పలేదు. నేనే దాచాను. ఎందుకు? మా ఇంట్లో చెప్తే దెబ్బలు పడతాయని నాకు నేనే తేల్చేసుకున్నాను. స్వామి అంటే కోపగించుకునే ఆయన అని ఎవరో నాకు నేర్పారు, ఆ నేర్పింది సిస్టర్ కాదు.

మర్నాడు అక్కకి ఇలా చెప్పాను. చేర్పించు. కానీ ఫీజు కట్టేముందు వెళ్లి అడుగు. పిల్ల ఏడిస్తే ఎవరి దగ్గరికి వెళ్తుంది, ఆవిడ చేతి కింద ఎంతమంది పిల్లలున్నారు? ఏదైనా తేడా గమనిస్తే మీకు ఎన్ని రోజుల్లో చెప్తారు? ఫిర్యాదు వస్తే విచారించేవాళ్లలో బయటివాళ్లు ఉంటారా? కేథలిక్ పిల్లలకి క్యాటకిజం జరిగేటప్పుడు మిగతావాళ్లకి మోరల్ సైన్స్ ఉంటుందా? ప్రార్థనలో మౌనంగా నిలబడితే ఫర్వాలేదా? విసుక్కోకుండా జవాబిస్తే కట్టెయ్. ఆ తర్వాత ఇంటికొచ్చి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పు, "అక్కడ ఏం జరిగినా మాకు చెప్పొచ్చమ్మా, ఎవరం కోప్పడం. స్వామి కూడా కోప్పడడు."

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి చాపెల్ సంగతి చెప్పాను, ఇరవై ఏళ్ల తర్వాత. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేరీమాత గురించి ఏమైనా అంటుందేమో అనుకున్నాను. "అంత చిన్నవాడివి, ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావా నాన్నా" అంది.

మీ ఇంట్లో స్కూలుకెళ్లే చిన్నపిల్లలుంటే ఈ రోజు వాళ్లని మార్కులు అడక్కండి. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు అని అడగండి. చెప్పేదంతా చివరిదాకా వినండి.

జై శ్రీమన్నారాయణ.