పొలంలో పిట్టలకూ వాటా ఉందా?

చలికాలంలో కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల్లో జొన్న, కంది, శనగ చేలు కళకళలాడుతుంటాయి. అప్పుడే పిట్టల గుంపులూ దిగుతాయి. మధ్య ఆసియా నుంచి వలస వచ్చే గులాబీ గోరింకలు జొన్న కంకులంటే పడి చస్తాయి. రైతు మంచె ఎక్కి, వడిసెల తిప్పి వాటిని తోలుతాడు. అసలే వర్షాధార సేద్యం, పైగా అప్పులు. అలాంటి రైతుతో "పక్షులకు మేత వదలండి" అనడం న్యాయమేనా?

రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6:38) తెలుపుతోంది. వాటి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దే (11:6). ఆ ఉపాధిని ఆయన చాలాసార్లు మన చేతుల మీదుగానే చేరవేస్తాడు. ఒక ముస్లిం మొక్క నాటినా, విత్తనం వేసినా, దాని నుంచి పక్షిగాని, మనిషిగాని, పశువుగాని తింటే అది అతని తరఫున దానమవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం).

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పక్షి తనంతట తాను తిన్నదే దానమైతే, మనం ప్రత్యేకంగా వదలడం ఎందుకు? పోయినదాన్ని సహనంతో భరించడం ఒక మెట్టు. ఉన్నదానిలో నుంచి మనసారా తీసిపెట్టడం పై మెట్టు. ఖలమ్ సూరాలోని తోట యజమానులను గుర్తు చేసుకోండి. పేదలు రాకముందే, తెల్లవారేసరికి కోసుకోవాలని వారు పన్నాగం పన్నారు. రాత్రికి రాత్రే తోట నాశనమైంది. పంటను కాపాడుకోవడం వారి నేరం కాదు. ఇతరుల వాటా ఎగ్గొట్టాలనుకోవడమే వారి నేరం.

కనుక డప్పు కొట్టి పిట్టలను తోలడం తప్పు కాదు. అప్పు తీర్చడం, ఆలుబిడ్డలను పోషించడం ముందున్న బాధ్యతలు. కౌలు రైతు భూ యజమాని వాటాలో నుంచి దానం చేయరాదు. పిట్టలకు వదిలిన గింజలు ఉష్ర్‌కు బదులు కావు. వర్షాధార పంటలో 10వ వంతు, నీరు తోడి పండించినదానిలో 20వ వంతు హక్కుదారులకు చేరాల్సిందే. అయితే విషపు గింజలు చల్లడం, గూళ్లు పీకడం వేరే సంగతి. ఒక ప్రయాణంలో సహచరులు పిట్టపిల్లలను పట్టుకుంటే తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు (అబూదావూద్).

నిజానికి ఈ పిట్టలు తినేది గింజలే కాదు. గులాబీ గోరింకలు మిడతలనూ తింటాయి. కంది, శనగ చేలలో శనగపచ్చ పురుగును పక్షులు ఏరి తినేందుకు ఎకరాకు 10 నుంచి 20 పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ నిపుణులే చెబుతారు. అంటే పిట్ట వాలడానికి నాటిన కర్ర మన పంటకే కాపలా.

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గట్టు మీది వేప, తుమ్మ, రేగు చెట్లను ఉండనివ్వండి. చేను మూలన నాలుగు కంకులు కోయకుండా వదలండి. కోతల తర్వాత వరి కంకులను కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీసే పాత అలవాటును పిల్లలకు నేర్పండి. ఎండలు ముదిరాక మూకుడులో నీళ్లు పెట్టండి.

గుండ్లకమ్మపై విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును 2020లో ఐసిఐడి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. రాయి మోసినవారి పేర్లు ఎవరికీ తెలియవు. ఆ నీరు మాత్రం మనిషికీ, పశువుకూ, పక్షికీ అందుతూనే ఉంది. మనం వదిలే నాలుగు కంకులు ఎవరి కంటా పడకపోవచ్చు. అల్లాహ్ దృష్టి నుంచి మాత్రం అవి తప్పిపోవు. ఆయన మన పంటల్లో శుభాన్ని, మన మనసుల్లో దయను ప్రసాదించుగాక. ఆమీన్.