బొమ్మలో పాపమా, చూపులో పాపమా?

ఇటలీ దేశంలో నేపుల్స్ నగరపు కపోదిమోంతే మ్యూజియంలో 'దానయే' అనే చిత్రపటమున్నది. వెనీసు చిత్రకారుడు తిషియన్ 1544-45 ప్రాంతంలో చిత్రించినది. పరుపుపై మేను వాల్చిన వివస్త్ర స్త్రీ, మేఘంనుండి ఆమెపై రాలే బంగారు నాణేలు, ప్రక్కన మన్మథుని పోలిన బాలుడు. చిత్రించమన్నది ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు: మూడవ పౌలు పాపుగారి మనుమడు, కార్డినల్ అలెస్సాంద్రో ఫర్నేసే! (పాపుగారికి మనుమడేమిటన్నది మరో వారం చెప్పుకుందాం.)

కథ గ్రీకు పురాణానిది. మనుమడి చేతిలో చావు రాసిపెట్టి ఉందని జోస్యం విన్న రాజు అక్రిసియసు కూతురు దానయేను బంధించాడు. దేవతల రాజు జ్యూసు బంగారు వానగా మారి ఆమెను చేరాడు. ఇటువంటి బొమ్మ చూచి 'కళే కదా' అంటారు కొందరు, 'తగలబెట్టాలి' అంటారు కొందరు. దోషమంతా చూచే కంటిలోనే ఉందన్నది మనకు అలవాటైన జవాబు. నాకది చాలదు.

పునీత అగుస్తీనువారు తన ఆత్మకథ మొదటి భాగంలో దానయే బొమ్మనే ప్రస్తావించారు. తిషియన్‌కు పదకొండు వందల ఏండ్లకు పైగా ముందు మాట. ఆనాడు బడిపిల్లలకు నేర్పే టెరెన్సు నాటకంలో ఒక యువకుడు గోడమీద ఈ బొమ్మ చూస్తాడు. ఆకాశాన్ని గడగడలాడించే దేవుడే చేయగా అల్పుణ్ణి నేను చేస్తే తప్పేమని ఒక బాలికను చెరుస్తాడు. గమనించండి, కోరిక వాడిలో ముందే ఉన్నది. వేషం మార్చి ఆ ఇంట జొరబడ్డదే అందుకు. బొమ్మ వాడికి సాకు అందించింది. అటువంటి మాటలు వల్లె వేసిన పిల్లలకు తప్పుచేసే ధైర్యం వస్తుందని అగుస్తీనువారి బాధ.

ఇందరిలో దానయేను అడిగినవారెవరు? తండ్రి బంధించాడు. జ్యూసు అనుమతి కోరలేదు. బిడ్డ పుట్టాక తల్లినీ బిడ్డనూ ఆ తండ్రే పెట్టెలో పెట్టి సముద్రంలో త్రోయించాడు. పటంలో ఆ పెట్టె లేదు. తిషియన్ తరువాత వేసిన కొన్ని దానయే పటాలలో బాలునికి బదులు ఒక ముసలి దాసి ఒడి పట్టి నాణేలు అందుకుంటుంది. ఆమెను చేర్చినందుకు ఆయనను నేను మెచ్చుకుంటాను. బంగారం ఎందుకు కురిసిందో ఆ ఒడి చూస్తే తెలుస్తుంది.

రెండవ జాన్ పౌలు పాపుగారు 1981 బుధవారపు ప్రసంగాలలో కళలోని నగ్నత్వాన్ని కొట్టివేయలేదు. చిత్రించేవారికీ చూచేవారికీ బాధ్యత ఉందన్నారు. కనుక మీ అబ్బాయి పుస్తకంలో ఇటువంటి బొమ్మ కనబడితే పేజీ చించకండి. ఈ అమ్మాయి ఎవరు, తరువాత ఆమెకేమైంది అని అడగండి. వాడికి తెలియకపోతే పెట్టె సంగతి మీరే చెప్పండి.