తొలి ఇంటర్వ్యూ – ధర్మము

ఉద్యోగార్థికి ఎదురగు ఇంటర్వ్యూలన్నియు ఒక్క తీరున ఉండవు. తొలి విడతలో ఒక చిన్న ఉద్యోగి ఫోనులోనో, ఎదుట కూర్చుండియో కొలది నిమిషములు మాట్లాడును. అందు నిలిచినవారినే పై అధికారులు పిలుతురు. కావున తొలి విడతను వట్టి తంతుగా భావించుట అనేకులలో కానవచ్చుచున్నది. ఉద్యోగమున చేరవలెనను కోరిక ఏమాత్రము లేకున్నను, అనుభవము వచ్చును గదా యని వెళ్లువారును కలరు. ఇది తగునా?

1945 నుండి వ్యవసాయ కళాశాల, 1981 నుండి ఇంజనీరింగు కళాశాల గల బాపట్లలో ఇది ఇంటింటి ప్రశ్న. రేపల్లెలో బయలుదేరి, తెనాలిలో రైలు మారి, విజయవాడకు పోవు పేద యువకునికి ఒక ఇంటర్వ్యూ అనగా పోగొట్టుకొన్న ఒక దినపు కూలి, తండ్రి అప్పు తెచ్చి యిచ్చిన చార్జీలు. అట్టివానికి దక్కవలసిన వేళను చేరు తలంపు లేని మరియొకడు ఆక్రమించినచో అది అభ్యాసము కాదు. పరుల వంతును తినుట.

అభ్యాసము దోషమని కాదు. మిత్రుల యెదుట, గురువుల యెదుట ఎన్ని మారులైనను అభ్యసింపవచ్చును. నిశ్చయము కుదరక, పని వివరములు తెలిసికొనుటకై వెళ్లుటయు తప్పు గాదు. ఆ సంశయమును దాచకున్న చాలును.

పది చోట్ల దరఖాస్తు పెట్టినవాడు పదింటను మనసు నిలుపగలడా యని కొందరు ఆక్షేపింతురు. పది ఉద్యోగములను ఒకే రీతిని కోరనక్కరలేదు. కాని నిజము పలుకుట, అడిగినది శ్రద్ధగా వినుట, ఆ సంస్థ చేయు పని యేమో ముందుగా తెలిసికొని పోవుట, ఈ మూడును కోరికపై ఆధారపడవు. పై అధికారి యెదుట మాత్రమే వినయము చూపువాడు వినయవంతుడు కాడు, అధికారమునకు జడియువాడు. కాయకమున హెచ్చుతగ్గులు లేవన్న బసవేశ్వరుని బోధ ఇచ్చటనే పరీక్షకు నిలుచును. ప్రశ్నించు చిన్న ఉద్యోగి చేయునదియు కాయకమే.

ఈ ధర్మము పిలిచినవారికిని వర్తించును. తొలి ఎంపిక బరువెట్టిదో వరి వంగడములను రూపొందించువారికి బాగుగా తెలియును. 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, బాపట్లలో రూపొందినదే. సంకరము చేసిన పిదప తరతరమునను మొక్కలను పరిశీలించి, మేలైనవానిని ఉంచి, తక్కినవానిని విడిచిపెట్టుదురు. తొలి తరములలో కన్ను ఏమరినచో, విడిచిన మంచి మొక్క తుది పరీక్షకు రానే రాదు. తొలి ఇంటర్వ్యూయు అట్టిదే. దరఖాస్తు చదువకయే ప్రశ్నించువాడు, కాదన్న మాటనైనను తెలుపక నెలల తరబడి నిరీక్షింపజేయువాడు విడిచిపెట్టునది మొక్కను కాదు, మనుష్యుని.

బిడ్డను ఇంటర్వ్యూకు పంపు తలిదండ్రులు “ఉద్యోగము వచ్చునా?” అని అడుగుటకు ముందు “వచ్చినచో చేరుదువా?” అని అడుగవలెను. చేరనన్నచో, ముందుగానే ఒక జాబు వ్రాసి ఆ వేళను విడిచిపెట్టించుట మేలు. దానికొరకు వేచియున్నవాడు మరియొక యింటి బిడ్డ.