మాటయా, కత్తియా?

ధ్యానభాగము: యోహాను 18:10–23



మన పల్లెల యౌవనస్థులు మమ్మును తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, ప్రభుత్వమువారు అన్యాయము చేసినప్పుడు నోటిమాటతో ఏమగును? కఱ్ఱ పట్టిననే గదా వినుదురు!" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఇంటిస్థలముకొరకు, సమాధుల దొడ్డికొరకు ఏండ్ల తరబడి కచేరీ మెట్లు ఎక్కి దిగినవారి కడుపుమంటలోనుండి అది పుట్టినది. రోమా 13వ అధ్యాయము చదివి లోబడుడని చెప్పి ఊరకుండుట వారికి జవాబు కాదు.

ఆ రాత్రి తోటలో పేతురు కత్తి దూసి మల్కు చెవి తెగనరికెను. చెవి తెగినవాడు మాట ఎట్లు వినును? ప్రభువు కత్తిని ఒరలో పెట్టుమని చెప్పి, ఆ చెవిని బాగుచేసెనని లూకా వ్రాసెను. తరువాత ప్రధాన యాజకుని యెదుట బంట్రౌతు ఒకడు ఆయనను కొట్టెను. ప్రభువు తిరిగి కొట్టలేదు, మౌనముగానూ ఉండలేదు. తాను పలికినది తప్పైతే రుజువు చేయుమనియు, కానియెడల ఎందుకు కొట్టితివనియు అడిగెను. దానికి బంట్రౌతు జవాబిచ్చినట్లు లేఖనములో లేదు. కత్తి ఎదురైనప్పుడు ఏమి చేయవలెనో అధికారికి బాగుగా తెలియును, ఏలయనగా వానియొద్ద అంతకంటె ఎక్కువ కత్తులున్నవి. సత్యము ఎదురైనప్పుడే వాడు తడబడును.

మన సీమ చరిత్రలోను ఈ రెండు త్రోవలున్నవి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీవారిపై ఆయుధమెత్తెను. ఆయన ధైర్యమును ఎవరు కాదందురు? అయితే 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసి, తలను కోటమీద వ్రేలాడదీసిరి. కుంపిణీవారు ఎవరికిని సంజాయిషీ చెప్పుకొనలేదు. 1908లో కర్నూలువాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో తిరునల్వేలి కాల్పులను ఖండించుచు వ్రాసెను. ఆయన చేతిలో కలమే తప్ప వేరేమియు లేదు. అయినను అంత గొప్ప సామ్రాజ్యము ఆ వ్రాతకు భయపడి, రాజద్రోహమని మూడేండ్లు చెరలో పెట్టెను. విడుదలయైన తరువాత ఆయన పగ పట్టలేదు. గ్రంథాలయములకును వయోజన విద్యకును తన బ్రదుకు ధారపోసెను. తన నోరు మూసినవారికి ఆయన ఇచ్చిన జవాబు వేలమందికి నోరు తెరచుటయే.

మాట త్రోవ పిరికివాని త్రోవ అని ఎవరును తలంచరాదు. బాప్తిస్మమిచ్చు యోహాను మాటకొరకే తల నిచ్చెను. మాట వెంటనే గెలుచుననియు మేము చెప్పము. అయితే దెబ్బలాటయు చివరకు మాటయొద్దకే రావలెను. మా కైరుప్పలలో ఉగాది మరునాడు ఊరు రెండు వర్గములై పిడకలు విసరుకొందురు. పలువురికి దెబ్బలు తగులును. ఆ ఆచారము వెనుకనున్న కథ సైతము రాజీతోను, పెండ్లితోను ముగియునని పెద్దలు చెప్పుదురు. ఎట్లును మాటలాడవలసినదే యైనప్పుడు, తలలు పగులకముందే మాటలాడరాదా?

కాని మన మాట సత్యమై యుండవలెను. బూతులు, పుకార్లు, కులద్వేషము నాలుకతో విసరు రాళ్లే. యాకోబు 3వ అధ్యాయము చదువుడి. పౌలు ఫిలిప్పీ చెరసాలనుండి దొంగచాటుగా వెళ్లనొల్లక, న్యాయాధిపతులే వచ్చి తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. తన పౌరహక్కును పలుకుటకు ఆయన సిగ్గుపడలేదు. మనకును రాజ్యాంగపు 19వ అధికరణము మాటలాడు హక్కు నిచ్చినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము అడిగి తెలిసికొను హక్కు నిచ్చినది. కాబట్టి గ్రామసభలో లేచి నిలువుడి. అర్జీని మీ స్వహస్తముతో వ్రాసి రసీదు తీసికొనుడి. చదువురాని పొరుగువానికి, అతడు ఏ మతస్థుడైనను, వ్రాసిపెట్టుడి. మూగవారికొరకు నోరు తెరువవలెనని సామెతలు 31:8 మనకు నేర్పుచున్నది గదా.

కత్తి దూసిన ఆ పేతురే తరువాత అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయములో అన్న, కయప మొదలగువారి యెదుట వట్టి చేతులతో నిలిచి మాటలాడెను. కత్తితో అతడు సాధించినది ఒక చెవి మాత్రమే; మాటతో మహాసభ అంతయు నిరుత్తరమాయెను. అట్టి నోటిని, అట్టి ధైర్యమును ప్రభువు మన పల్లెలకు అనుగ్రహించును గాక. ఆమేన్.