ఎవరి కర్మ?

చూపు లేకపోవడం పూర్వజన్మ కర్మఫలమని నమ్మేవారు మనలో చాలామందే ఉన్నారు. ఆ నమ్మకంతో నేనిక్కడ తగువుపడను. దాన్ని చివరిదాకా పట్టుకుని వెళ్తే మాత్రం అది మన మెడకే చుట్టుకుంటుంది. వేదాంతం కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడుగా చెబుతుంది. చూపు లేకపోవడం ప్రారబ్ధమే అనుకుందాం. నర్సీపట్నం పక్క పల్లెలో చూపులేని మనిషి ఫోన్‌లో ఒక ప్రభుత్వ ఉత్తర్వు తెరిస్తే, చదివి వినిపించాల్సిన టాక్‌బ్యాక్ నోరు మెదపకపోతే, అదెవరి కర్మ? కంప్యూటర్‌లో టైపు చేసిన ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టినవారిది. అది ఆగామి, ఇప్పుడు మూటగట్టుకుంటున్నది.

యూనికోడ్‌లో ‘క’ అంటే 3093 అనే సంఖ్య, అంతే. అది కంటి సొత్తూ కాదు, చెవి సొత్తూ కాదు. తెర మీద ఆకారమవుతుంది, స్క్రీన్ రీడర్‌లో పలుకవుతుంది, బ్రెయిలీ పరికరంలో వేలికి తగిలే చుక్కలవుతుంది. స్కాన్ చేయగానే ఆ అక్షరం ఫొటో అయిపోయి కళ్లున్నవారికే మిగులుతుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల పేజీలదీ అదే కథ: చూస్తే తెలుగే, వింటే అర్థంలేని గోల. అందుకే అక్షరాన్ని అందరికీ అందేలా పెట్టడాన్ని దానం అనడం నాకు సమ్మతం కాదు. దానమంటే మన సొంతం ఇవ్వడం. పుట్టుకతోనే అందరికీ అందే అక్షరాన్ని మనమే కొందరికి అందకుండా చేశాం. తిరిగి ఇవ్వడం బాకీ తీర్చడమే.

గ్రామ సచివాలయంలో అడిగితే చదివిపెడతారు కదా అంటారు. సాయం మంచిదే. కానీ పొలం గట్టు దగ్గర తమ్ముడితో తగువున్న అన్న, తన అడంగల్‌ను ఆ తమ్ముడి చేతే చదివించుకోవాలా? ఖర్చు సంగతీ ఎత్తుతారు. వినపడనివారి కోసం వీడియో కింద మాటలు వేయడానికి శ్రమ పడుతుంది, నిజమే. టైపు చేసినదాన్ని అలాగే పెట్టడం మాత్రం స్కానింగ్ కన్నా తక్కువ పనే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారాన్ని అందరికీ అందేలా ఉంచడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా చెప్పింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, అలా అందేలా చేసే ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరి కావాలని తేల్చింది. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది.

కోర్టు మాట కార్యాలయాలకు. గుడి ఉత్సవాల కరపత్రాన్ని ఫొటోగా వాట్సాప్‌లో పంపే మనకు ఏ కోర్టూ చెప్పనక్కర్లేదు. ఆ ఫొటో కింద తేదీ, వేళ, చోటు తెలుగులో టైపు చేసి పంపండి.