వీధి ఊడ్చిన చేతులకు

మనం నిద్ర లేచేసరికే వీధి శుభ్రంగా ఉంటుంది. ఎవరో తెల్లవారకముందే వచ్చి ఊడ్చి వెళ్లారు. పని సవ్యంగా జరిగినన్నాళ్లూ చేసినవారు మనకు కనిపించరు. చెత్త బండి రెండు రోజులు రాకపోతే మాత్రం వెంటనే గుర్తొస్తారు. 2020 మార్చిలో, కరోనా భయంతో తలుపులు మూసుకున్న వేళ, దేశమంతా గుమ్మాల్లో నిలబడి ఇలాంటివారి కోసం చప్పట్లు కొట్టింది. అంటే కృతజ్ఞత మనలో ఉంది. కానీ ఆపద వస్తేనే మేలుకుంటోంది. అది రోజూ మేలుకోవాలి.

జీతం తీసుకుంటున్నారు కదా, ఇక కృతజ్ఞత ఎందుకని కొందరు అడుగుతారు. జీతం పనికి. కృతజ్ఞత మనిషికి. ఒకటి ఇచ్చామని రెండోది ఎగ్గొట్టలేం. కృతజ్ఞత కడుపు నింపుతుందా అని ఇంకొందరంటారు. నిజమే, నింపదు. అందుకే అది మాటతో ఆగకూడదు. వారికి న్యాయమైన జీతం, చేతి తొడుగులు అందాలని మనమూ అడగాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే వారికి శ్రమ తగ్గుతుంది. పగిలిన గాజును కాగితంలో చుట్టి విడిగా ఇస్తే వారి చేయి తెగదు. కృతజ్ఞత రోజూ మేలుకోవాలి. ఈ ఉదయం చెత్త బండి వచ్చినప్పుడు, ఆ మనిషి ముఖం చూసి ఒక్క మంచి మాట చెప్పండి.